అడ్జస్ట్‌మెంటూ, కాపలా వంతూ

మీరు ఉద్యోగంలో చేరి వారం తిరక్కుండానే ఎవరో ఒకరు వచ్చి ఆ మాట అంటారు. గట్టిగా అనరు. మన గోదావరి వైపు ఎవరూ ఏదీ గట్టిగా అనరు కదా. తల కాస్త పక్కకి వంచి, చాలా మర్యాదగా, "కొంచెం అడ్జస్ట్ అవ్వండి మేడమ్" అంటారు. మీరు తలూపుతారు. బస్సుల్లో, పెళ్ళిళ్ళలో, అత్తారిళ్ళలో ఆ మాటకి తలూపడం నేర్చుకునే మనం పెద్దవాళ్ళమయ్యాం. నేనూ ఊపాను. ఇంగ్లీషు టీచరుగా జీవితమంతా గడిపి, రిటైరై, ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మా వరండాలో కూర్చుని చెబుతున్నాను. ఇంగ్లీషు భాష మొత్తంలో నన్ను ఇంతగా కాల్చుకుతిన్న మాట ఇంకోటి లేదు.

కొత్తగా బళ్ళలో చేరుతున్న మీకు ఆ మాట కథ చెప్పాలని కూర్చున్నాను. నీతులు చెప్పను. నా సర్వీసులో నీతులు చెప్పినవాళ్ళందరూ మధ్యాహ్నం దాటాక బడిలో కనపడేవారు కాదు. అందుకని నాకు నీతుల మీద నమ్మకం పోయింది.

నాకో పిచ్చి ఉండేది. రోజూ బోర్డు కుడివైపు పైమూల చిన్న గడి గీసి, అందులో ఒక ఇంగ్లీషు మాట రాసి, అది ఎక్కడ పుట్టి ఏ దారిన మన దాకా వచ్చిందో పిల్లలకి చెప్పేదాన్ని. సిలబస్‌లో లేదు. పరీక్షలో రాదు. అందుకే పిల్లలకి అదొక్కటే ఇష్టం. స్టాఫ్ రూములో మాత్రం నన్ను పోస్ట్‌మార్టమ్ మేడమ్ అనేవారు. నా ఎదురుగా అనేవారు కాదు, మర్యాదస్తులు. నేను గుమ్మం దాటాక అనేవారు.

ఒక రోజు ఆ గడిలో 'అడ్జస్ట్' అని రాశాను. నిఘంటువులు చెప్పేది ఏమిటంటే, ఇది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. అసలు వేరు లాటిన్‌లో ఉంది. జుక్స్టా అంటే పక్కన, దగ్గర. దానికి ముందు అడ్ చేరిస్తే దగ్గరికి చేర్చడం అని అర్థం. అంతే, అంత చల్లని మాట. మధ్యలో ఫ్రెంచివాళ్ళు దీన్ని 'జస్ట్' అనే ఇంకో మాటతో, అంటే న్యాయమైనది, సరైనది అనే మాటతో, కలిపేసుకున్నారు. అలా న్యాయానికీ దీనికీ చుట్టరికం కుదిరింది గానీ రక్తసంబంధం మాత్రం లేదు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు గడియారాలకీ తూకాలకీ వాడారు. ఇంకా తర్వాత మనుషులకి వాడారు. పరిస్థితికి తగ్గట్టు మనిషి మారడమన్నమాట. ఇన్ని సముద్రాలు దాటి మన దగ్గరికి వచ్చాక ఆ మాటకి గవర్నమెంటు ఉద్యోగం దొరికింది. ఇక కదల్లేదు.

ఇంత పాఠం చెప్పి, "ఇప్పుడు ఈ మాటతో మీరొక వాక్యం చెప్పండి" అన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి, చేతులు కట్టుకుని, ఎంతో శ్రద్ధగా చెప్పింది. "మా మ్యాథ్స్ సార్ ఈ రోజు అడ్జస్ట్ అయ్యారు."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. వాళ్ళకి అందులో నవ్వడానికి ఏమీ కనపడలేదు. ఆ మాటకి వాళ్ళు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ విన్న అర్థం అదొక్కటే మరి. బడికి రాకపోవడం.

ఆ బడి గురించి చెప్పాలి. కొల్లేటి చెరువుల మధ్య ఊరు. మా గూడెం నుంచి అయితే గణపవరం దాకా బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో, ఆటో దిగాక చేపల చెరువు గట్టు మీద నడక. నడుస్తుంటే ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క నీళ్ళు, మధ్యలో చీర కుచ్చిళ్ళు పట్టుకుని నేను. గాలి అటు తిరిగితే మేత వాసన, ఇటు తిరిగితే బురద వాసన. ఆరు నుంచి పది దాకా అయిదు తరగతులు. పిల్లలు కొద్దిమందే గానీ బంగారాలు. నేను తప్ప స్టాఫంతా ఏలూరు నుంచి వచ్చేవారు, లెక్కల మాస్టారి కారులో. ముందు సీటు హెడ్మాస్టారిది. మా బడికి అసలైన టైమ్‌టేబుల్ గోడ మీద ఉండేది కాదు, ఆ కారులో ఉండేది. ఈ రోజు ఎవరు ఉండాలి, ఎవరు వెనక్కి పోవాలి, ఎవరి పిరియడు ఎవరు చూడాలి, అంతా దెందులూరు దాటేలోపే తేలిపోయేది.

దాన్ని వాళ్ళు అడ్జస్ట్‌మెంట్ అనేవారు. సోమవారం నువ్వు నాకు, మంగళవారం నేను నీకు. సెలవు పెట్టక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఇచ్చిపుచ్చుకోవడం చూస్తే అన్నదమ్ములు కూడా అంత సఖ్యంగా ఉండరనిపించేది. కారులో సీటు లేని దాన్ని కాబట్టి నాకు అందులో వాటా లేదు. పని మాత్రం వాటా కంటే ఎక్కువే వచ్చేది.

"ఏవండీ మేడమ్, మీరు ఎలాగూ ఉంటారు కదండీ" అనేవారు హెడ్మాస్టారు. "ఏడూ ఎనిమిదీ కలిపి కూర్చోబెట్టేయండి. ఏదో ఒకటి చదువుకుంటారు."

"అయిదు క్లాసులండీ సార్. నేనొక్కదాన్ని."

"అందుకేనండీ మిమ్మల్ని అడ్జస్ట్ అవ్వమనేది" అనేవారు ఆయన, నేనే ఆయన మాటని బలపరిచినట్టు.

ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చినప్పుడు, ఇక వీళ్ళ ఆటలు కట్టు అనుకున్నాను. మా వాళ్ళని నేను తక్కువ అంచనా వేశాను. పొద్దున్నే అందరూ వచ్చేవారు. ఒక్కరు కూడా తప్పేవారు కాదు. గేటు లోపల వరసగా నిలబడి, జుట్టు సర్దుకుని, ఫోనులోకి చూసి, ముఖం అందిందని అది చెప్పగానే కొందరు లోపలికి వచ్చేవారు, కొందరు మళ్ళీ కారెక్కేవారు. ముఖం హాజరైతే చాలు కదా, మిగతా శరీరానికి జీతంలో ప్రత్యేకంగా కోత ఏమీ లేదు.

నాకు ఒళ్ళు మండేది. మండినా ఏం లాభం. పై అధికారులకి చెప్పనా అంటే, వాళ్ళు అడ్జస్ట్ అవ్వమనే చెబుతారని నాకు తెలుసు.

ఇంతలో బళ్ళు కలిపేస్తారన్న కబురు వచ్చింది. పిల్లలు తక్కువున్న బళ్ళనీ, చదువు సరిగ్గా సాగని బళ్ళనీ ఎత్తేసి, పెద్ద రోడ్డు మీదున్న హైస్కూల్లో కలుపుతారట. తనిఖీకి వచ్చినవాళ్ళు చూసి రాసిన దాన్ని బట్టి నిర్ణయమట. స్టాఫ్ రూములో ఆ రోజు పండగ వాతావరణం. "కలిపేస్తే మనకే మంచిదండీ. బస్సు గేటు దగ్గరే ఆగుతుంది" అన్నారు లెక్కల మాస్టారు. "కారు అరుగుదల కూడా తగ్గుతుందండీ" అన్నారు సోషల్ మాస్టారు. హెడ్మాస్టారు మాత్రం కళ్ళు మూసుకుని నవ్వారు. అక్కడి స్టాఫ్ రూములో ఏసీ ఉందని ఆయన చెవిన పడిందని తర్వాత తెలిసింది.

ఊరికి మాత్రం ఇది చావుబతుకుల సంగతి. పెద్ద రోడ్డు దాకా చెరువు గట్లే దారి. వానొస్తే సైకిలు కూడా కదలదు. మగపిల్లలు ఎలాగో పోతారు. ఆడపిల్లలు ఆగిపోతారు. ఆగిపోయిన ఆడపిల్లలు ఎక్కడికి పోతారో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. రొయ్యల షెడ్డుకి. పొద్దుటి నుంచి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలకాయలు తీయడం.

నాకు వాక్యం చెప్పిన పిల్ల ఉంది చూశారూ, వాళ్ళమ్మది ఆ పనే. ఒక రోజు మధ్యాహ్నం నా క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. వేళ్ళ చివర్లు తెల్లగా నాని, పగిలి ఉన్నాయి.

"టీచరమ్మగారూ, అడ్జస్ట్ అంటే ఏంటండి?" అని అడిగింది.

"దగ్గరికి చేర్చడం అమ్మా" అన్నాను. పాఠం ఇంకా నాలుక మీదే ఉంది.

"మరి మా అమ్మాయి, సార్లు అడ్జస్ట్ అయ్యి వెళ్ళిపోయారంటదేంటండి?"

ఆవిడ నా వెనక గదుల వైపు చూసింది. పక్క గదిలో పిల్లలు బల్లలెక్కి దూకుతున్నారు, ఆ పక్క గదిలో ఒకడు హెడ్మాస్టారిని అనుకరించి అందరినీ నవ్విస్తున్నాడు. చేతులు కొంగు కింద దాచుకుని, "బడి తీసేస్తారంట గదండి" అంది. "మా అమ్మాయి చేతులు ఇంకా బాగున్నాయండి" అంది. అని వెళ్ళిపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. చెరువు పట్టుబడికి వచ్చే ముందు, అంటే చేప పెరిగి అమ్మడానికి సిద్ధమైనప్పుడు, దొంగల భయం. అప్పుడు ఇంటికొక మనిషి చొప్పున కాపలా వంతు వేసుకుంటారు. ఎవరి రోజున వాళ్ళు గట్టు మీద ఉండాలి. ఆ సంగతి నాకు ఆవిడే చెప్పింది, మర్నాడు మళ్ళీ వచ్చినప్పుడు.

"ఎవరికైనా జ్వరం వస్తే?" అని అడిగాను.

"ఇంట్లోంచి ఇంకో మనిషి వస్తారండి."

"ఇంట్లో ఇంకెవరూ లేకపోతే?"

"జ్వరంతోనే వస్తారండి."

"పక్కింటివాళ్ళని కాస్త చూడమని చెప్పి వెళ్ళరా?"

ఆవిడ నా వైపు వింతగా చూసింది. "వాళ్ళ వంతు వాళ్ళకుంటది కదండి" అంది. మా స్టాఫంతా ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఆ ఊళ్ళో ఎవరికీ తోచలేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ వారం నుంచే మా బడిలోనూ కాపలా వంతు మొదలైంది. టీచరు లేని క్లాసుకొక తల్లి. పొద్దున్న కారు వెనక్కి తిరిగిందా లేదా చూసి, ఎన్ని గదులు ఖాళీ అయితే అంతమంది వచ్చేవారు. షెడ్డులో ఆ పూట కూలి పోయినా వచ్చేవారు. పాఠం చెప్పరు, వాళ్ళకి రాదు. కుర్చీలో కూడా కూర్చునేవారు కాదు మొదట్లో, గుమ్మం దగ్గర కింద కూర్చునేవారు. నేనే కుర్చీలో కూర్చోమన్నాను. వాళ్ళు చేసేదల్లా పిల్లలు పుస్తకం తెరిచి ఉంచారా, నోరు కదుపుతున్నారా అని చూడడం. నేను గది గదికీ తిరిగి కాస్త కాస్త చెప్పి, ఇది రాయండి, అది చదవండి అని వచ్చేదాన్ని. అంత హాయిగా నేను ఎప్పుడూ పని చేయలేదు.

హెడ్మాస్టారిని అడిగే చేశాను. ఆయన పొంగిపోయారు. "ఎంత మంచి ఆలోచనండీ. తల్లులుంటే మనకీ నిశ్చింత" అన్నారు. ఆ మర్నాటి నుంచి కారు ఇంకాస్త ముందుగా తిరగడం మొదలుపెట్టింది.

ఇక ఆ రోజు గురించి చెబుతాను. సోషల్ మాస్టారు ఏలూరులో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం. స్టాఫందరికీ పిలుపు, నాకూ ఉంది. నేను వెళ్ళలేదు. నన్ను ఆదర్శ ఉపాధ్యాయినిని చేసేయకండి. అక్కడ భోంచేసి నేను గూడెం చేరేసరికి చీకటి పడుతుంది, అదొక్కటే కారణం. పొద్దున్నే అందరూ, ఇంటాయనతో సహా, వచ్చి ముఖాలు చూపించారు. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు, అత్తరు వాసన. ఇక అందరూ ఒకేసారి కారెక్కితే బాగుండదని, ఒకరి తర్వాత ఒకరు దొరికిన ఆటో పట్టుకుని జారుకున్నారు. తెలుగు మాస్టారు హిందీ మేడమ్‌తో చెప్పారు, "భోజనం చేసి వచ్చేస్తా, మీరు కాస్త అడ్జస్ట్ చేయండి" అని. హిందీ మేడమ్ సైన్సు మాస్టారితో చెప్పారు. సైన్సు మాస్టారు లెక్కల మాస్టారితో చెప్పారు. లెక్కల మాస్టారు హెడ్మాస్టారితో చెప్పారు. హెడ్మాస్టారు ఎవరికీ చెప్పలేదు, ఆయనకి పైన ఎవరూ లేరు కదా. ప్రతివాళ్ళూ మిగతావాళ్ళు బడిలో ఉన్నారన్న భరోసాతోనే బయల్దేరారు.

తర్వాత జరిగింది తెలుగు మాస్టారు నాకు చెప్పారు. మాస్టారికి కథ చెప్పడం వచ్చు, అందుకని చెప్పకుండా ఉండలేకపోయారు. ఏలూరులో బంతి వేశారు. ఆయన కూర్చుని, విస్తరిలో నీళ్ళు చిలకరించుకుని తలెత్తితే ఎదురు బంతిలో హిందీ మేడమ్. ఆవిడ పక్కన సైన్సు మాస్టారు.

"మీరు బడిలో ఉన్నారనుకున్నానండీ" అన్నారట తెలుగు మాస్టారు.

"మీరుంటారనే కదండీ నేను వచ్చింది" అన్నారట ఆవిడ.

అందరూ కలిసి బంతి చివరికి చూశారు. అక్కడ హెడ్మాస్టారు అప్పడం విరుచుకుంటున్నారు. ఆయన వీళ్ళందర్నీ ఒకసారి చూసి, లెక్కపెట్టుకుని, "మేడమ్ ఉన్నారు కదండీ" అని పులిహోర మళ్ళీ అడిగారట.

సరిగ్గా అప్పుడే మా బడి గేటు ముందు జీపు ఆగింది.

తనిఖీకి వచ్చిన అధికారి నడివయసు మనిషి. కూడా ఇద్దరు సిబ్బంది. నేను పదో తరగతిలో ఉన్నాను, జీపు చప్పుడు విని బయటికి వచ్చేసరికి ఆయన అప్పటికే ఆరో తరగతి గదిలోకి వెళ్ళిపోయారు. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను. కుర్చీలో ఉన్న తల్లి ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"మీరెవరమ్మా?"

"ఈ రోజు నా వంతండి."

"వంతేమిటి?"

"కాపలా వంతండి."

"దేనికి కాపలా?"

"పిల్లలకండి" అంది ఆవిడ, ఇంత చిన్న సంగతి ఈయనకి తెలియదా అన్నట్టు.

ఆయన ఏడో తరగతికి వెళ్ళారు. అక్కడ ఇంకో తల్లి. ఎనిమిదిలో ఇంకో తల్లి, చేతిలో బెత్తం కూడా ఉంది. పిల్లలు ఎక్కాలు వరసగా అప్పజెబుతున్నారు.

"తప్పు చెబితే నీకు తెలుస్తుందా అమ్మా?" అని అడిగారు అధికారి.

"తెలీదండి. ఆపేస్తే తెలుస్తదండి" అంది.

తొమ్మిదో తరగతి గది చూసేసరికి ఆయన నా వైపు తిరిగారు. అక్కడ ఉన్నది మన రొయ్యల షెడ్డు తల్లే. "టీచర్లు ఏరమ్మా?" అని నన్ను అడిగారు.

"లేరండి."

ఆయన ఫోను తీసి చూశారు. "ఇందులో అందరూ హాజరయ్యారే."

"ముఖాలు హాజరయ్యాయండీ సార్. మనుషులు ఏలూరులో ఉన్నారు."

ఇలా అనాలని నేను ముందుగా అనుకోలేదు. అనేశాక చాలా తేలిగ్గా అనిపించింది. వెంటనే నా ఫోను మోగింది. హెడ్మాస్టారు. వెనక సన్నాయి వినపడుతోంది. జీపు వచ్చిన సంగతి ఆయనకి ఎలా చేరిందో, కొన్ని విషయాల్లో మా వాళ్ళు చాలా చురుకు. "మేడమ్, స్టాఫంతా పక్క ఊళ్ళలో పిల్లల సర్వేకి వెళ్ళారని చెప్పండి. ఈ ఒక్కసారికి అడ్జస్ట్ చేయండి మేడమ్, ప్లీజ్" అన్నారు. అధికారి నా ముందే ఉన్నారు. ఫోనులోంచి అంతా వినపడుతూనే ఉంది. నేను ఫోను ఆయన చేతికిచ్చేశాను. ఆయన సన్నాయి కాసేపు విని, కట్ చేసి నాకు తిరిగిచ్చారు.

ఆయనకి కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది. కానీ కోపం ఎటు తిరిగిందో చూడండి. కూడా వచ్చినవాళ్ళతో అన్నారు, "టీచర్లే లేని బడి ఉండి ఎందుకు? దీన్ని కలిపేస్తే సరి" అని. రాయమన్నట్టు చెయ్యి కూడా ఊపారు. నేను నిజం చెప్పినందుకు బడి పోతోంది. ఏలూరులో బంతిలో కూర్చున్నవాళ్ళకి ఏసీ గది వస్తోంది.

అప్పుడు తొమ్మిదో తరగతి గదిలోంచి ఆ తల్లి వరండాలోకి వచ్చింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చాలా మెల్లగా, "ఏవండీ అయ్యగారూ" అంది. "కాపలా మనిషి నిద్రపోయాడని చెరువు పూడ్చేసుకుంటామా అండి? మనిషిని మారుస్తాం గానీ."

అధికారి ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ తన రెండు చేతులూ ముందుకి చాపి చూపించింది, నానిపోయి పగిలిన ఆ వేళ్ళు. తర్వాత వెనక్కి తిరిగి కూతుర్ని పిలిచి, ఆ పిల్ల చేతులు పక్కన పెట్టి చూపించింది. ఆ పిల్ల చేతికి సిరా మరకలున్నాయి, అంతే. ఆయన ఆ చేతులూ ఈ చేతులూ చూశారు. రాస్తున్న మనిషిని ఆగమన్నారు.

బడి నిలిచింది. ఇది ముందే చెప్పేస్తున్నాను, మీరు కంగారుపడకుండా. ఆయన మంచివారు, బడిని ఉంచాలనే రాశారు.

కానీ తప్పు జరిగినట్టు కూడా రాయాలి కదా, జరిగిన తప్పుకి మనిషి కావాలి కదా. మా స్టాఫంతా ఫోను లెక్కలో హాజరు. ఆ సాయంత్రానికల్లా పక్క ఊళ్ళలో సర్వే చేసినట్టు హెడ్మాస్టారు పక్కాగా ఏర్పాటు చేసుకున్నారు. సన్నాయి చెవులారా విన్న అధికారి కూడా దాని గురించి ఎక్కడా రాయలేదు, కాగితంలో దానికి గడి లేదట. మిగిలింది ఒక్కటే. బయటివాళ్ళని తరగతి గదుల్లో కూర్చోబెట్టడం. ఎవరు కూర్చోబెట్టారు? ఆ రోజు బడిలో ఉన్నది ఎవరు? నేను. ఉన్నానని నా నోటితో నేనే చెప్పాను. హెడ్మాస్టారిని అడిగితే, తల్లుల సంగతి తనకి తెలియనే తెలియదన్నారు. తెలిస్తే అనుమతిస్తానా అన్నారు.

నెల తిరక్కుండా నన్ను కామవరపుకోట వైపు ఒక బడికి పంపించారు. మెట్ట ప్రాంతం, మా గూడెం నుంచి పొద్దున్నే బయల్దేరితే గానీ అందని దూరం. శిక్ష అనలేదు. ఉత్తర్వులో దాన్ని 'వర్క్ అడ్జస్ట్‌మెంట్' అన్నారు. దగ్గరికి చేర్చడమన్న పాత లాటిన్ మాట నన్ను ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి. ఆ కాగితం చదివి నేను ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను, స్టాఫ్ రూములో అందరూ భయపడ్డారు. హెడ్మాస్టారు గేటు దాకా వచ్చి సాగనంపారు. "మీరు చాలా మంచివారండీ. కాస్త అడ్జస్ట్ అయ్యే గుణం ఉండి ఉంటే ఎంత బాగుండేది" అన్నారు, నిజంగానే బాధపడుతూ.

ఇంకో సంగతి ఉంది. మరుసటి ఏడాది పైనుంచి ఒక కార్యక్రమం వచ్చింది. తల్లులు బడిలో భాగస్వాములు కావాలట. ప్రతి బడిలో తల్లులు వంతుల వారీగా వచ్చి చూసుకోవాలట. ఏలూరులో సభ పెట్టారు. ఈ గొప్ప ఆలోచన మొదట పుట్టిన బడికి అభినందనలు చెప్పి, ఆ బడి హెడ్మాస్టారికి శాలువా కప్పారు. ఆయన మైకు ముందు, తల్లుల శక్తి మీద తనకి మొదటి నుంచీ అపారమైన నమ్మకమన్నారు. నేను చివరి వరసలో ఉన్నాను. చప్పట్లు కొట్టాను. కొట్టకపోతే పక్కవాళ్ళు ఎందుకని అడుగుతారు, చెప్పడం మొదలుపెడితే నేను ఆగను.

నా కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు.

రిటైరైన తర్వాత ఒక రోజు, ఎవరూ పిలవకుండానే, గణపవరం బస్సెక్కి ఆ ఊరెళ్ళాను. అదే గట్టు, అదే బురద వాసన. కుచ్చిళ్ళు పట్టుకుని నడిచాను. బడి గేటు లోపల కారు ఉంది. గదుల్లో పాఠాలు నడుస్తున్నాయి. కొత్త ముఖాలు కొన్ని, పాతవి కొన్ని. లెక్కల మాస్టారు చెమటలు కక్కుతూ బోర్డు నింపుతున్నారు. ఆయన్ని అంతసేపు నిలబడి ఉండగా చూడడం నాకు అదే మొదలు.

వరండాలో, గేటూ గదులూ రెండూ కనపడే చోట, బల్ల మీద మన షెడ్డు తల్లి కూర్చుని ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. కూతురు మా గూడెంలోనే పాలిటెక్నిక్ చదువుతోందని చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. చేతులు ఇంకా అలాగే ఉన్నాయి ఆవిడవి. బల్ల మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది. ఆవిడ పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చున్నాను.

"మాస్టార్లు రోజూ వస్తున్నారా?" అని అడిగాను.

"వస్తున్నారండి. సాయంత్రం దాకా ఉంటున్నారండి."

"మీ అమ్మాయి కూడా బడి దాటిపోయింది. మరి ఇంకా ఎందుకమ్మా ఇక్కడ కూర్చోవడం? వాళ్ళ మీద నమ్మకం లేదా?"

ఆవిడ కొంగు సర్దుకుని, ఎదురుగా ఉన్న గది వైపు చూస్తూనే చెప్పింది.

"నమ్మకం ఉందండి. వంతు కూడా ఉంది."